మునుంలో పేరు

కోరుట్ల,
14 జూలై 2024

పెద్దమ్మా, బాగున్నావా?

బడి వదిలాక నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడాయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. అక్షరాలు వంకర పోతున్నాయి. తప్పులు కనబడితే తొడపాశం నేను వచ్చినప్పుడు పెట్టు. నోటితో ఎట్లా మాట్లాడినా కాగితం మీద మాత్రం బడి తెలుగే రాయాలని నేర్పింది నువ్వే కాబట్టి ఇట్లాగే రాస్తున్నాను.

ఇక చెవి మిషను పెట్టినా లాభం లేదని డాక్టరు అన్నాడట, పెద్దబాపు ఫోన్‌లో చెప్పాడు. నాకేమో నీతో మాట్లాడాలని ఉంటుంది. పక్కింటి సుమలత ఫోన్‌కు మెసేజ్ పెడితే ముందు ఆమె చదివి, వాళ్ళమ్మ చదివి, తర్వాత నీ దాకా వస్తుంది. అందుకే ఈ కవరు.

బాపు మస్కట్‌లో సంపాదించి కట్టిన ఈ ఇంట్లో నేనొక్కడినే. మనిషి మసలకపోతే ఇల్లు పాడవుతుందని నన్ను మీ దగ్గర్నుంచి తెచ్చి ఇక్కడ పెట్టాడు కదా. మిగతా గదులకు తాళాలు, ఒక గదిలో నేను. పగలు మొబైల్ షాపులో రిపేర్లు, పొద్దు గూకితే పాటలు.

ఇప్పుడు అసలు సంగతి. జగిత్యాలలో శేఖరన్న అని ఉన్నాడు. ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపు ఆయనది. నాకు ర్యాప్ నేర్పింది ఆయనే. బీటు మీద మాట ఎక్కడ ఆపాలి, ఊపిరి ఎక్కడ దాచుకోవాలి, అన్నీ దగ్గర కూర్చోబెట్టుకుని దిద్దాడు. మొన్న ఖిల్లా దగ్గర పాడేవాళ్ళమంతా గుండ్రంగా నిలబడి ఒకరి తర్వాత ఒకరం పాడుతున్నాం. ఆయన వంతు రాగానే నా వైపు వేలు చూపించి ఇది పాడాడు.

కోరుట్ల బస్సు దిగిండు కోడిపుంజు దేవేందర్
కూత జూస్తె కొండంత, మాట జూస్తె గోరంత
నా దగ్గర నేర్సినయి నాల్గే నాల్గు మాటలు
నాకే అమ్మవట్టె గవే మూటలు మూటలు

అందరూ ఒకటే నవ్వు. ఎవరో వీడియో కూడా పెట్టారు. ఇప్పుడు షాపుకు వచ్చేవాళ్ళు "కోడిపుంజు ఉన్నడా" అని అడుగుతున్నారు. గురువనుకున్న మనిషి నలుగురిలో ఇట్లా చేయవచ్చా? ఆయన ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. జవాబుగా 'ఒక్కన్నే' అని ఒక పాట కట్టాను. వచ్చే నెలలో సిరిసిల్లలో మా పోగ్రాం ఉంది. అక్కడ ఆయన ముందే పాడి తెగతెంపులు చేసుకుంటాను.

పాటంతా ఇంకో కాగితం మీద రాసి పెట్టాను. ఆయన పాటలు కూడా ఒకటి రెండు రాశాను, ఆయన ఎంత బాగా రాస్తాడో చూస్తే నా కడుపుమంట నీకు అర్థమవుతుంది. వినలేవు కాబట్టి చదివి చెప్పు.

నీ దేవేందర్


ఎల్లంతకుంట,
23 జూలై 2024

కొడుకా దేవేందర్,

నీ కవరు తెచ్చిన చంద్రయ్య దాన్ని నా చేతిలో పెట్టి పోలేదు, నేను విప్పేదాకా గడపలోనే నిలబడ్డాడు. ఈ ఇంటికి కరెంటు బిల్లు తప్ప కాగితం వచ్చి చాన్నాళ్ళయింది. నీ రాత చూస్తే అంగన్‌వాడీలో నేను పలక పట్టించిన పిల్లలే నయం.

మన మడిలో నాట్లు పడుతున్నాయి. ఈసారి కూడా బెంగాల్ నుంచి వచ్చిన మగవాళ్ళే. తాడు పట్టి చకచకా నాటేసి పోతారు. వాళ్ళ భాష నాకు రాదు, వచ్చినా వినబడదు. నేను గొడుగు పెట్టుకుని ఒడ్డు మీద కూర్చుంటాను. ఎవరికీ నాతో పని లేదు. అక్కడే నీ పాట చదివాను.

ఆకలి తిన్న, అవమానం తాగిన
రాళ్ళ మీద పండుకొని రాత నేనే రాసుకున్న
ఒక్కన్నే అచ్చిన, ఒక్కన్నే పోత
ఎనుక ఎవ్వల్లేరు, ఏలు వట్టినోల్లేరు

ఏ రాళ్ళు కొడుకా అవి? మా ఇంట్లో నీకు నవారు మంచం ఉండేది, దాని మీద పడుకునేది నువ్వు, కింద చాప మీద నేను. ఆకలి ఎప్పుడు తిన్నావు? మక్కరొట్టె చేసినప్పుడు నా వంతు కూడా తినేవాడివి. కోరుట్లలో అన్నం సరిగ్గా వండుకుంటున్నావా లేదా, నిజం చెప్పు.

శేఖర్ మీద నీ కోపం నాకు అర్థమైంది. కానీ మన మునుం గుర్తు తెచ్చుకో. నాటేటప్పుడు ఆడవాళ్ళం వరుసగా మునుం పట్టి వెనక్కు జరుగుతుంటే నేను పాట ఎత్తేదాన్ని. నువ్వు ఒడ్డున నారు కట్టల మధ్య కూర్చుని, నేను వదిలేసిన కొసమాటను అందరికన్నా ముందు అందుకునేవాడివి. ఒక్కొక్కరి పేరూ ఎత్తి ఆట పట్టించేదాన్ని. ఐలమ్మ మీద కట్టింది ఇది.

మునుం ఎనుకవడె ఐలమ్మ, ముచ్చట్లు ముందరవడె
మొగడు గుర్తుకచ్చెనా, మోకాలు నొచ్చెనా

ఒకనాడు అందరినీ పాడి ఐలమ్మను మరిచిపోయాను. మధ్యాహ్నం అందరూ సద్దులు విప్పితే ఆమె మూట ముట్టలేదు. ఎంత అడిగినా పలకదు. ఆఖరికి "అందర్నీ తిట్టినవ్, నన్నెందుకు తిట్టలే? నేనేం పాపం జేసిన?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పటికప్పుడు ఆమెనూ, మొగుణ్ణీ, వాళ్ళింటి కోడినీ కలిపి ఒక పాట కట్టి తిడితే అప్పుడు అన్నం తిన్నది. శేఖర్ నిన్ను నలుగురిలో పేరెత్తి తిట్టాడంటే నిన్ను తన మునుంలో నిలబెట్టుకున్నాడు. పనికిరాని వాడికి పాటలో చోటు ఎవరిస్తారు?

నువ్వు పంపిన ఆయన పాటల్లో ఒక మాట దగ్గర ఆగిపోయాను.

నేర్పినోడు ఎనుకుంటె నీడ, ముందటుంటె గోడ
నన్ను దాటి పోరా తమ్మి, నిలవడకు ఈడ

అంగన్‌వాడీలో ఇన్నేళ్ళూ నేను చేసింది ఇదే, పిల్లలకు నాలుగు అక్షరాలు చెప్పి పక్కకు తప్పుకోవడం. కానీ నాకు ఇట్లా చెప్పడం రాలేదు. ఇంత తెలిసినవాడు నిన్ను చిన్నబుచ్చాలని పాడడు. ఫోన్ చేస్తే ఎత్తు.

నీ పాటలో 'ఎనుక ఎవ్వల్లేరు' అని ఉంది. మంచిదే.

ముసురు పట్టింది, తడవకు.

పెద్దమ్మ


కోరుట్ల,
4 ఆగస్టు 2024

నా మునుం పెద్ద రాధమ్మకు,

నువ్వు పాటను కోర్టులో వాంగ్మూలం చదివినట్టు చదివావు. ర్యాప్‌లో 'నేను' అంటే నేనే కాదు పెద్దమ్మా. 'ఒక్కడినే వచ్చాను, ఎవడూ చెయ్యి పట్టలేదు' అనడం అక్కడి రివాజు. పెళ్ళి కార్డు మీద శుభలేఖ అని రాసినట్టు, ఎవరైనా అదే రాస్తారు. అన్నం వండుకుంటున్నాను. కూర మాత్రం కర్రీ పాయింటు నుంచి తెచ్చుకుంటాను.

నువ్వు కూడా శేఖరన్న వైపే మాట్లాడావు. మునుం వేరు, ఇది వేరు. అక్కడ తిట్టినా అందరూ ఒకే బురదలో ఉంటారు. ఇక్కడ ఆయన ఎత్తున నిలబడి నన్ను కిందికి నెట్టాడు. నేను ఊరుకోను. పాటలో ఇంకో రెండు చరణాలు కలిపాను. శేఖరన్నను ఏకిపెట్టాను. మా షాపు సేటు ముత్యం ఉన్నాడు, ఇంటికి రాకుండా వీడియో కాల్‌లో గోడల పగుళ్ళు చూపించమనే బాపు ఉన్నాడు, బస్టాండ్ దగ్గర నన్ను చూసి కోడికూత కూసేవాళ్ళున్నారు. ఎవ్వరినీ వదలలేదు.

నిన్ను మాత్రం అందులోకి లాగలేదు. తిట్ల పాటలో నీ పేరేంటి? నువ్వు నాకు దేవత లెక్క. పైగా ఇప్పుడు నీకు చెవులు కూడా బాగా లేవు, ఏదన్నా అంటే మనసు కష్టపెట్టుకుంటావు. ఆ జాగ్రత్త నాకుంది.

సిరిసిల్ల పోగ్రాం ఇరవై నాలుగున. ఆ తర్వాత రాస్తాను.

దేవేందర్


ఎల్లంతకుంట,
14 ఆగస్టు 2024

చిరంజీవి దేవేందర్‌కు,

ఉత్తరం అందింది. మేము క్షేమం. నాట్లు అయిపోయాయి. పెద్దబాపు తాటివనం దాకా పోయి వస్తున్నాడు, చెట్టెక్కడం లేదు.

నీ పాటలో ఎవరెవరు ఉన్నారో తెలిసింది. అందరూ ఉన్నారు, సంతోషం. నా గురించి రాయడానికి ఏముంటుంది? నేర్పినవాళ్ళు ముందుంటే గోడ అని శేఖర్ చెప్పనే చెప్పాడు. నేను ఎవరి దారికీ గోడగా ఉండదలచుకోలేదు.

దసరాకు రావాలంటే సెలవు దొరకదేమో, పని చూసుకో. కర్రీ పాయింటు కూరలో నూనె ఎక్కువ వేస్తారు.

ఇట్లు
రాధమ్మ


కోరుట్ల,
1 సెప్టెంబర్ 2024

పెద్దమ్మా,

నువ్వు 'ఇట్లు రాధమ్మ' అని సంతకం పెట్టింది చూశాక నాకు పనిలో చెయ్యి ఆడలేదు. ఒక కస్టమర్ ఫోన్‌కు ఇంకొకరి డిస్‌ప్లే వేశాను, ముత్యం సేటుతో చీవాట్లు తిన్నాను. నామీద కోపం ఎందుకు? నీ మాట వినకుండా పాట పాడతానన్నానని అయితే, జరిగింది విను.

సిరిసిల్లలో హాలు పక్కనే మరమగ్గాలు నడుస్తున్నాయి. ఆ చప్పుడు మా బీటులో కలిసిపోతుంటే ఒకందుకు బాగానే ఉంది. నేను 'ఒక్కన్నే' ఎత్తగానే శేఖరన్న లేచి ముందుకు వచ్చి నిలబడ్డాడు. కొట్లాట అవుతుందని అందరూ ఫోన్లు బయటికి తీశారు. నేను ఆయన్ని తిడుతున్న ప్రతి చరణంలో కొసమాట ఆయనే అందుకున్నాడు. తిట్లు పడుతూ తిట్లకు వంత పాడాడు. నాకు పాడాలో ఆపాలో తెలియలేదు. అయినాసరే పూర్తి చేశాను.

బయట చాయ్ తాగుతుంటే, నన్ను నలుగురిలో ఎందుకు అన్నావని అడిగాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "నీ పేరు ఎత్తుడు బంజేసిననాడు నువ్వు నాకు లేనట్టేరా" అన్నాడు. నువ్వు ఐలమ్మ గురించి రాసిందే ఇంకో రకంగా చెప్పాడు. నువ్వన్నదే నిజమైంది, ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు ఆయన ఫోన్ ఎత్తుతున్నాను.

మరి నీకు కోపం దేనికి? పాటలే నీకు నచ్చకపోతే మానేస్తాను, నిజంగానే. ఈ ఇంట్లో రాత్రి అన్నం తినేటప్పుడు నీ మొదటి ఉత్తరం ఎదురుగా పెట్టుకుని తింటాను. రెండోది బీరువాలో పడేశాను. నన్ను ఎంతైనా తిట్టు, కానీ ఇట్లా 'మేము క్షేమం' అని మాత్రం రాయకు.

దేవేందర్


ఎల్లంతకుంట,
20 సెప్టెంబర్ 2024

కొడుకా,

పాటలు మానకు. మానితే కోరుట్ల వచ్చి తొడపాశం పెడతాను. శేఖర్‌తో కలిశావని చదివి సంతోషపడ్డాను.

నా కోపం సంగతి రాయొద్దనుకున్నాను, ఈ వయసులో చిన్నపిల్లలా అలిగానంటే నవ్వుతారు. కానీ మనసులో పెట్టుకుంటే ఉడుకుతున్నది. చెబుతాను.

చెవులు పోయాక సుమలత నాకొక పలక కొనిచ్చింది. అందరూ చెప్పాల్సింది దాని మీద రాసి చూపిస్తారు. ఏం రాస్తారో తెలుసా? 'తిన్నవా.' 'గోలి ఏసుకున్నవా.' 'గ్యాస్ అచ్చింది.' అంతే. పలక మీద ఎవరూ పరాచికం రాయరు. పెద్దబాపు ఎట్లాంటివాడో నీకు తెలుసు, నన్ను ఏడిపించనిదే ముద్ద మింగేవాడు కాదు. ఇప్పుడు అరచినా వినబడదు, రాయాలంటే బద్ధకం. చేత్తో 'తిను' అని సైగ చేసి పోతాడు. ఐలమ్మ కూడా వస్తుంది, నవ్వుతుంది, కాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది, పోతుంది. ఆ మునుంలో అంతమందిని ఆడించిన దాన్ని, ఇప్పుడు నా మీద ఒక్క వేళాకోళం ఆడే మనిషి లేదు. అందరూ నన్ను మర్యాదగా చూస్తున్నారు. ఆ మర్యాదతోనే చచ్చిపోతున్నాను.

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. సేటు ఉన్నాడు, మీ బాపు ఉన్నాడు, బస్టాండ్ దగ్గరి పోకిరీలు కూడా ఉన్నారు. నన్ను మాత్రం దేవతను చేసి పక్కన పెట్టావు. చెవులు పోయాయి కాబట్టి జాగ్రత్తగా ఉండాలన్నావు. ఆ రోజు నేను సద్ది విప్పలేదు. నన్ను ఒక్క తిట్టు తిట్టడానికి నీకు మనసు రాలేదా కొడుకా?

పెద్దమ్మ


కోరుట్ల,
26 డిసెంబర్ 2024

పెద్దమ్మా,

మధ్యలో నేను రాసినవన్నీ పొట్టి ఉత్తరాలే, దసరాకు వచ్చినప్పుడు కూడా నువ్వు నా ముఖం వైపు చూసీ చూడనట్టు ఉన్నావు. నీ ఉత్తరం నా జేబులోనే ఉంది, అయినా పలక మీద ఒక్క ముక్క రాయలేక వచ్చేశాను. తిట్టడం ఇంత కష్టమని నాకు తెలియదు. శేఖరన్నను తిట్టడానికి ఒక్క పూట పట్టింది.

నీ మీద రాసిందల్లా జగిత్యాల తీసుకుపోయి శేఖరన్నకు చూపించాను. ఒక పాటలో నిన్ను వెన్నెల అన్నాను, ఇంకో దాంట్లో కడుపున మోయని తల్లివన్నాను. ఆయన షాపులో చేసేవాటిలో చనిపోయినవాళ్ళ ఫోటోల ఫ్లెక్సీలే ఎక్కువ, నీకు తెలుసు కదా ఆ పూలదండల బొమ్మలు. నా కాగితం వాటి మీద పెట్టి, "బతికున్న మనిషికి దండేస్తవారా? తిట్టు. ఆమె ఇంట్ల తిరిగినోనివి, నీకు తప్ప ఎవ్వనికి తెలుస్తది ఎట్ల తిట్టాల్నో" అన్నాడు. ఎన్నోసార్లు తిప్పి పంపాడు. మొన్న చదివి గట్టిగా నవ్వాడు.

'ఒక్కన్నే' పాటకు ఇది ఆఖరి చరణం. ఇకమీద ఎక్కడ పాడినా ఇది లేకుండా పాడను. మనసు కష్టపెట్టుకుంటే పెట్టుకో.

ఎల్లంతకుంట రాధమ్మ, ఎవ్వల మాట ఇనదమ్మ
చెవులు వోయినయంటది, చాడీలైతె ఇంటది
ఉప్పు లేని పప్పు వెట్టి ఊరంత మెచ్చుమంటది
మొగన్ని మెచ్చుమంటె మాత్రం మూతి ముప్పై వంకర్లు దిప్పుకుంటది
రాళ్ళ మీద పండిన్నంటె రంకెలేసి లేస్తది
నవారు మంచం మోసుకచ్చి నడి బజార్ల ఏస్తది
ఒక్కన్నే అచ్చిన్నని ఊరూరా కూసిన
కూత నేర్పినామె పేరు కొసకు రాసిన

నీ కోడిపుంజు


ఎల్లంతకుంట,
9 జనవరి 2025

ఓరి కోడిపుంజూ,

నా పప్పులో ఉప్పు లేదా? ఇన్నేళ్ళు గిన్నె ఊడ్చి తిన్న నోటితో ఆ మాట ఎట్లా వచ్చింది? చాడీలు వింటానట. వినడానికి చెవులేవి, ఇప్పుడు చూసే తెలుసుకుంటున్నాను. ఎవరెవరు ఎవరింటికి పోతున్నారో నువ్వొచ్చినప్పుడు చెబుతాను.

చంద్రయ్య కవరు తెచ్చేసరికి యాసంగి నాటు నడుస్తున్నది. ఒడ్డు మీదనే విప్పాను. చదువుతుంటే ముందు నవ్వొచ్చింది, తర్వాత కొంగు అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. పెద్దబాపుకు ఇచ్చాను. మూతి వంకరల దగ్గరికి వచ్చి పొట్ట పట్టుకుని నవ్వాడు. నా వైపు చూసి, పలక అందుకుని ఏదో రాయబోయాడు. మళ్ళీ ఏమనుకున్నాడో కింద పెట్టేశాడు. రాస్తాడు, ఇవాళ కాకపోతే రేపు.

ఆయన ఇంటికి పోయాక నేను ఒక పని చేశాను, ఎవరికీ చెప్పకు. ఒడ్డు మీద నిలబడి నీ చరణం పాడాను. చెవులు పోయిన తర్వాత పాట ఎత్తలేదు, ఇదే మొదలు. నా గొంతు నాకే వినబడలేదు. రాగం సరిగ్గా పోతున్నదో, ఒట్టి అరుపే అవుతున్నదో తెలియదు. బెంగాల్ వాళ్ళు నారు చేతిలో పట్టుకుని తలలెత్తి నా వైపు చూశారు. ఆఖరి మాట దగ్గర, అలవాటు కొద్దీ, కొస వదిలేశాను. వాళ్ళ పెదవులు కదిలాయి. అందుకున్నారో, ఈ ముసలిదానికి ఏమైందని అనుకున్నారో నాకు తెలియదు. అందుకున్నారనే అనుకుంటున్నాను.

నీకు జవాబు కట్టాను. శేఖర్‌కు కూడా చూపించు.

కోరుట్ల జొచ్చె కొడుకు, కోతలల్ల దొరాయె
పెద్దమ్మను తిట్టనీకి పెద్దల నడుగవాయె

మొదటి ఆరు వరుసలు బాగా తిట్టావు. ఆఖరి రెండింటిలో మళ్ళీ దండ వేశావు, అది చూసి శేఖర్ ఎట్లా ఊరుకున్నాడో. అవి కొట్టేసి తిట్లు పెట్టు. నాలో తప్పులకు కరువా?

మధ్యాహ్నం ఒడ్డు మీదనే సద్ది విప్పి అన్నం తిన్నాను. పప్పే. నువ్వన్నది నిజమే, ఉప్పు తక్కువైంది.

పెద్దమ్మ